ఆకలికి లొంగని ముళ్ళబంతి

ఉత్తర కాలిఫోర్నియాలో మెండొసీనో తీరం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. మన ఎండలకు అలవాటుపడ్డవాళ్ళు నడివేసవిలో వెళ్ళినా అక్కడ స్వెట్టరు వెతుక్కుంటారు. వసంతకాలంలో వాయవ్యం నుంచి వీచే గాలులూ భూభ్రమణమూ కలిసి పైనీటిని తీరానికి దూరంగా నెట్టేస్తాయి. ఆ ఖాళీని నింపడానికి సముద్రం లోతుల్లోంచి చల్లటి నీరు పైకి ఉబికివస్తుంది. సుమారు పది డిగ్రీల చలి. దానితోపాటే నైట్రేట్లూ వస్తాయి. పొలానికి ఎరువు ఎలాగో ఆ తీరానికి ఆ చలినీరు అలాగ.

ఆ ఎరువు మీద పెరిగేది బుల్ కెల్ప్. చూడడానికి మొక్కలా ఉన్నా ఇది గోధుమరంగు నాచుల కుటుంబానిది. అడుగున రాతిని వేళ్ళలా బిగించి పట్టుకునే పట్టు, అక్కణ్ణుంచి మోకులా సాగే కాడ, పైన గాలి నిండిన బుర్ర, ఆ బుర్ర నుంచి అలలమీద జడల్లా పరుచుకునే ఆకులు. వసంతంలో రాతిమీద కంటికి ఆనని మొలకగా మొదలై, వేసవి ముగిసేలోగా పదంతస్తుల మేడ ఎత్తుకు, అంటే 30 మీటర్లకు కూడా ఎదుగుతుంది. శీతాకాలపు తుఫానులకు తెగి ఒడ్డుకు కొట్టుకుపోతుంది. మళ్ళీ వసంతానికి కొత్త అడవి. చేపపిల్లలకు దాక్కునే చోటు, నత్తలకు మేత, పీతలకు ఇల్లు, అన్నీ అదే.

2014 తర్వాత ఆ అడవి పోయింది. 350 కిలోమీటర్ల తీరం పొడవునా 90 శాతానికి పైగా కెల్ప్ కనుమరుగైంది. డైవర్లు నీళ్ళలోకి దిగితే కనిపించినవి నగ్నంగా మిగిలిన రాళ్ళు, వాటిమీద పాకుడులా పట్టిన గులాబీరంగు సున్నపు నాచు, దానిమీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పరుచుకున్న ఊదారంగు ముళ్ళబంతులు. అవి సీ అర్చిన్లు. అంతకుముందు ఉన్న సంఖ్యతో పోలిస్తే 60 రెట్లు పెరిగాయి. ఇలాంటి చోటును ఇంగ్లీషులో ‘అర్చిన్ బ్యారెన్’ అంటారు. మన మాటల్లో అర్చిన్ బీడు.

అడవిని అర్చిన్లు తినేశాయని వార్తల్లో వచ్చింది. అది నిజమే. అయితే ఈ జీవి గురించి చదివేకొద్దీ నాకు దాని తిండి కంటే దాని పస్తు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. తినగలిగిన జంతువులు సముద్రంలో లెక్కలేనన్ని. తినకుండా ఏళ్ళ తరబడి కదలకుండా కనిపెట్టుకుని ఉండగలిగినవి బహు తక్కువ. కాలిఫోర్నియా తీరానికి వచ్చిన కష్టమంతా ఆ రెండో గుణంలోనే ఉంది.

అర్చిన్‌ను చేతిలోకి తీసుకుంటే తలేదో తోకేదో తెలియదు. ఆ రెండూ దానికి లేవు. నక్షత్ర చేపలు, సముద్ర దోసకాయలతో కలిపి దీన్ని ఇకైనోడెర్మేటా వర్గంలో చేర్చారు. ఈ వర్గమంతా అయిదు అనే అంకె చుట్టూ అల్లుకున్నది. ముళ్ళు రాలిపోయిన అర్చిన్ గుల్లను చూడండి. అయిదు జతల చారలు పైనుంచి కిందికి, కమలాపండు తొనల గీతల్లా దిగుతాయి. ఆ చారల్లోని సన్నని రంధ్రాల్లోంచి వందల నాళికా పాదాలు బయటికి వస్తాయి. లోపల గొట్టాల్లో నీటి పీడనాన్ని పెంచి తగ్గిస్తూ వాటిని సాచడం, ముడవడం, చివరనున్న చూషకంతో రాతిని పట్టుకోవడం చేస్తుంది. ముళ్ళ మధ్య కాడల మీద చిన్న చిన్న పటకార్లు కూడా ఉంటాయి. ఒంటిమీద వాలబోయిన పరాన్నజీవుల్ని పట్టి పారేసేది అవే. అర్చిన్‌కు కళ్ళు లేకపోయినా చూపు ఉంది. నాళికా పాదాల్లోనే వెలుతురును పసిగట్టే ప్రోటీన్లున్నాయి. ఒంటి ముళ్ళు పక్కలనుంచి వచ్చే కాంతిని అడ్డుకుంటాయి కాబట్టి, శరీరం మొత్తం ఒక మసక కన్నులా పనిచేస్తుందని ఒక ప్రతిపాదన ఉంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో 2010లో జరిగిన ప్రయోగంలో ఊదా అర్చిన్లు పది సెంటీమీటర్ల నల్ల బిళ్ళను గుర్తించి దానికి స్పందించాయి, ఆరు సెంటీమీటర్ల దాన్ని పట్టించుకోలేదు.

నోరు కింద, రాతికి ఆనుకుని ఉంటుంది. ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళకు ‘అరిస్టాటిల్ లాంతరు’ అనే పేరు గుర్తుండే ఉంటుంది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా వచ్చిపోయే ఆ పేరు వెనక అద్భుతమైన యంత్రం ఉంది. అయిదు దవడలు, అయిదు పళ్ళు, వాటిని తెరిచి మూసే కండరాలు ఒక గుత్తిగా అమరి ఉంటాయి. రెండువేల మూడువందల ఏళ్ళ కిందట అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో దీన్ని లాంతరుతో పోల్చాడు. ఆ పన్ను తయారయ్యేది కాల్సైట్‌తో, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజంతోనే. సున్నపురాయితో సున్నపురాయిని కొరికితే రెండూ అరగాలి. పన్ను మొద్దుబారదు. దానిలో కాల్సైట్ పలకలూ పోగులూ పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. పొరల మధ్య మెత్తటి సేంద్రియ పదార్థం ఉంటుంది. అరిగిన ముక్క సరిగ్గా ఆ బలహీనమైన పొర దగ్గరే ఊడి పడిపోతుంది. కొత్త అంచు కత్తిలా బయటపడుతుంది. వెనకనుంచి పన్ను పెరుగుతూనే ఉంటుంది. సాన పట్టనక్కర్లేని కొడవలి అన్నమాట. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఈ రహస్యాన్ని విప్పారు. ఈ పళ్ళతోనూ ముళ్ళతోనూ అర్చిన్ తరతరాలుగా గట్టి రాతిని సైతం తొలిచి, తన ఒంటికి సరిపడే గుంట చేసుకుని అందులో కూర్చుంటుంది. విశాఖ రాతితీరంలోనూ బొరియల్లో ఒదిగి కూర్చునే నల్లటి అర్చిన్లున్నాయి, అవి వెచ్చని నీటి జాతి.

గుంటలో కూర్చోవడమే మామూలు అర్చిన్ బతుకు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కెల్ప్ అడవి బాగున్న రోజుల్లో తెగిపడిన ఆకులూ కాడలూ కింద రాళ్ళ సందుల్లోకి కొట్టుకువస్తూ ఉంటాయి. అర్చిన్ ఉన్నచోటు నుంచి కదలకుండా, నాళికా పాదాలతో ఆ ముక్కల్ని ఒడిసిపట్టి నోటి దగ్గరికి చేర్చుకుంటుంది. రాలిన ఆకును తిని బతికే జీవికి చెట్టును కొట్టే పని లేదు. పైగా బయటికి వస్తే పట్టుకుతినేవాళ్ళున్నారు. రాలే ఆకు ఆగిపోయి, బయట తిరిగే శత్రువు కూడా లేనప్పుడే అది గుంట వదులుతుంది. అప్పుడు దాని నోరు నేరుగా కెల్ప్ మొదలు మీద పడుతుంది. కెల్ప్ కాడను అడుగున కొరికితే చాలు, పైనున్న గాలిబుర్ర మిగతా ముప్పై మీటర్లనూ ఈడ్చుకుపోతుంది. తిన్నది గుప్పెడు, పోయింది మాను మొత్తం.

పట్టుకుతినేవాళ్ళలో మొదటిది సముద్రపు నీటికుక్క. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో మనవాళ్ళు చూసే నీటికుక్కలకు ఇది బంధువు. చలినీటి తిమింగలాలకూ సీళ్ళకూ ఉన్నట్టు దీని చర్మం కింద కొవ్వు దుప్పటి లేదు. చదరపు సెంటీమీటరుకు లక్షకు పైగా వెంట్రుకలున్న బొచ్చు, ఎప్పుడూ మండుతూ ఉండే జఠరాగ్ని, ఈ రెండే దాన్ని వెచ్చగా ఉంచుతాయి. రోజుకు తన బరువులో నాలుగో వంతు తినాలి. వెల్లకిలా తేలుతూ, పొట్టమీద రాయి పెట్టుకుని, గుల్లల్ని దానికేసి పగలగొట్టుకుని తింటుంది. ఊదా అర్చిన్లు తిని తిని కొన్నిటి ఎముకలూ పళ్ళూ కూడా ఊదారంగుకు తిరుగుతాయి.

ఆ బొచ్చే దాని ప్రాణం తీసింది. 1741లో బేరింగ్ నాయకత్వాన వెళ్ళిన రష్యన్ యాత్ర కమ్చట్కా దగ్గరి కమాండర్ దీవుల నుంచి ఈ చర్మాల్ని తెచ్చింది. ఆ తర్వాత నూట డెబ్భై ఏళ్ళు వేట సాగింది. మెండొసీనోకు దక్షిణంగా అదే తీరంలో 1812లో రష్యన్లు ఫోర్ట్ రాస్ కోట కట్టింది ప్రధానంగా దీనికోసమే. అలాస్కా నుంచి ఆదివాసీ వేటగాళ్ళను చర్మపు పడవలతో సహా తీసుకువచ్చారు. 1841లో కోటను అమ్మేసుకుని వెళ్ళిపోయేనాటికి అక్కడ వేటాడేందుకు పెద్దగా ఏమీ మిగల్లేదు. 1911లో అమెరికా, రష్యా, జపాన్, బ్రిటన్ ఒప్పందం చేసుకుని వేట ఆపే సరికి మొత్తం పసిఫిక్‌లో మిగిలినవి వెయ్యి, రెండువేలు. కాలిఫోర్నియాలో బిగ్ సర్ దగ్గర ఓ యాభై దాకా బతికాయి. ఈనాడు ఆ రాష్ట్రంలో ఉన్న సుమారు మూడువేలూ వాటి సంతానమే. అవి మెండొసీనో దాకా మళ్ళీ చేరుకోలేదు.

నీటికుక్కకూ కెల్ప్‌కూ ఉన్న లంకె బయటపడింది అలాస్కాలోని అల్యూషన్ దీవుల్లో. 1970ల మొదట్లో జేమ్స్ ఎస్టెస్ అనే యువ పరిశోధకుడు అమ్చిట్కా దీవి దగ్గర నీళ్ళలోకి దిగాడు. అక్కడ నీటికుక్కలు పుష్కలం, కెల్ప్ దట్టం, అర్చిన్లు చిన్నవి, కొన్నే. ఆ తర్వాత నీటికుక్కలు వేటకు బలైపోయిన షెమ్యా దీవికి వెళ్ళి చూస్తే నేలంతా పెద్ద పెద్ద అర్చిన్లు, కెల్ప్ జాడ లేదు. అదే సముద్రం, అదే చలి, అవే రాళ్ళు. లేనిది ఒక్క జంతువు. జాన్ పాల్మిసానోతో కలిసి ఎస్టెస్ 1974లో ప్రకటించిన ఆ పోలికను ప్రపంచంలో ఎక్కడ జీవావరణ శాస్త్రం చెప్పినా ప్రస్తావిస్తారు. 1990లలో ఆ కథ తిరగబడింది. కిల్లర్ వేల్స్ ఆ దీవుల దగ్గర నీటికుక్కలను తినడం మొదలుపెట్టాయి. నీటికుక్కలు తగ్గిపోగానే అర్చిన్లు పెరిగి, కెల్ప్ పోయింది. తాను కనిపెట్టిన గొలుసు తన కళ్ళముందే తెగడం ఎస్టెస్ చూడవలసివచ్చింది.

నీటికుక్కలు పోయి నూట యాభై ఏళ్ళు దాటినా మెండొసీనోలో కెల్ప్ ఎలా నిలిచిందన్నది న్యాయమైన ప్రశ్న. అక్కడ ఇంకొక కాపలాదారు ఉంది. పొద్దుతిరుగుడు నక్షత్ర చేప. అడ్డంగా మీటరు దాకా పెరుగుతుంది, ఇరవై నాలుగు దాకా చేతులుంటాయి, నక్షత్ర చేపల్లో ఇంత వేగంగా పాకేవి అరుదు. అది దగ్గరికొస్తే అర్చిన్లు వాసన పసిగట్టి పారిపోతాయి. తినడం ఒక ఎత్తు, భయపెట్టి గుంటల్లో కూర్చోబెట్టడం ఇంకో ఎత్తు.

2013లో ఆ నక్షత్ర చేపలు కరిగిపోవడం మొదలైంది. ఒంటిమీద పుళ్ళు, చేతులు మెలికలు తిరిగి తెగిపడడం, కొద్దిరోజుల్లో తెల్లటి బురదముద్ద. మెక్సికో నుంచి అలాస్కా దాకా 90 శాతానికి పైగా చచ్చిపోయాయి. 2020లో ఈ జాతిని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. కారణం కోసం పన్నెండేళ్ళు వెతికారు. చివరికి 2025లో కెనడా, అమెరికా పరిశోధకులు విబ్రియో పెక్టెనిసిడా అనే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. కలరా క్రిమి కూడా విబ్రియో కుటుంబానిదే. ఆ కుటుంబంలో చాలావాటికి వెచ్చని నీరంటే ఇష్టం.

వెచ్చని నీరు కూడా వచ్చింది. 2014 నుంచి 2016 దాకా పసిఫిక్ ఈశాన్య భాగం అసాధారణంగా వేడెక్కింది. చలినీరు పైకి ఉబకడం మందగిస్తే నైట్రేట్లు రావు, నైట్రేట్లు లేక కెల్ప్ బక్కచిక్కింది. రాలే ఆకు ఆగింది. కాపలా లేదు. గుంటల్లోని అర్చిన్లు బయటికి నడిచాయి.

కెల్ప్ పోయాక అర్చిన్లు చావాలి కదా? మిడతల దండు పొలాన్ని ఊడ్చేస్తే ఎగిరిపోతుంది, లేదా చస్తుంది. ఇవి రెండూ చెయ్యలేదు. తిండి లేనప్పుడు అర్చిన్ తన ఒంటి ఖర్చును తగ్గించేసుకుంటుంది. మొట్టమొదట కరిగించుకునేది బీజకోశాల్ని. మామూలుగా గుల్ల లోపల సగం దాకా నిండి ఉండే ఆ అయిదు తొనలు దానికి సంతానమూ, ధాన్యపు గాదే కూడా. ఆ గాదె ఖాళీ అయ్యాక రాతిమీది సన్నని పాచిని గీరుకుంటూ, గులాబీ సున్నపు నాచును కొరుక్కుంటూ ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఎక్కడైనా ఒక కెల్ప్ మొలక లేచిందా, అది చిగురు వేసేలోగానే నోటపడుతుంది. అందుకే బీడు బీడుగానే ఉండిపోతుంది. ప్రపంచంలోని అనేక తీరాల లెక్కలు పోల్చి చూసినవాళ్ళకు తేలిందేమిటంటే, అడవిని బీడు చెయ్యడానికి ఎన్ని అర్చిన్లు కావాలో బీడు తిరిగి అడవి కావాలంటే అందులో దాదాపు పదోవంతుకు తగ్గాలి. పోయిన దారినే వెనక్కి రావడం కుదరదు.

డైవర్లు వీటిని ‘జాంబీ అర్చిన్లు’ అంటున్నారు. ఆ పేరు నాకు సరిపడలేదు. అవి చచ్చి లేచినవి కావు. వానకోసం మెట్టచేలో ఎదురుచూసే విత్తనంలా నిండు ప్రాణంతో ఉన్నాయి. అదే తీరంలో అదే ఆకలికి రెడ్ అబలోనీ అనే పెద్ద నత్తలు మాత్రం ఓర్చుకోలేక గుట్టలుగా చచ్చాయి. గాలి సిలిండర్లు లేకుండా ఊపిరి బిగబట్టి దిగి వాటిని పట్టుకోవడం అక్కడి కుటుంబాలకు తరాల వేడుక. 2018లో ఆ వేట పూర్తిగా మూతపడింది.

అర్చిన్‌కు కాలం ఒక లెక్క కాదనడానికి ఇంకో సాక్ష్యం ఎర్ర అర్చిన్. ఇదీ అదే తీరంలోది, ఊదాదానికంటే పెద్దది. ఇది పదేళ్ళు పదిహేనేళ్ళకంటే బతకదని ఒకప్పుడు అనుకునేవారు. థామస్ ఈబర్ట్, జాన్ సదన్ అనే శాస్త్రవేత్తలు 2003లో ఒక చక్కటి ఉపాయం వాడారు. 1950లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల వాతావరణంలోనూ సముద్రంలోనూ రేడియోకార్బన్ ఒక్కసారిగా పెరిగింది. అర్చిన్ గుల్లలో ఆ గుర్తు ఎక్కడుందో చూస్తే, అప్పటినుంచి అది ఎంత పెరిగిందో తెలిసిపోతుంది. లెక్క తేలింది. ఎర్ర అర్చిన్లు నూరేళ్ళు సులువుగా దాటుతాయి, కొన్ని రెండు వందలకు దగ్గర పడి ఉండవచ్చు. అన్నేళ్ళ ముసలివి కూడా కుర్రవాటిలాగే గుడ్లు, శుక్రకణాలు వదులుతాయి.

వదలడమంటే నీళ్ళలోకే. ఒక్కో అర్చిన్ లక్షలకు లక్షలు వదిలేస్తుంది, కలిసేవి నీటిలోనే కలుస్తాయి. గుడ్డు పారదర్శకం కావడంతో మనిషి తన పుట్టుక రహస్యాన్ని మొదట తొంగిచూసింది ఇందులోంచే. 1876లో జర్మన్ శాస్త్రవేత్త ఆస్కార్ హెర్ట్‌విగ్ మధ్యధరా అర్చిన్ గుడ్డులో రెండు కేంద్రకాలు ఒకటవడం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఫలదీకరణం అంటే ఏమిటో అప్పుడు రూఢి అయింది. నూరేళ్ళు దాటాక 1982లో టిమ్ హంట్ అర్చిన్ గుడ్లలోనే, కణం చీలే ప్రతిసారీ పెరిగి మాయమయ్యే ప్రోటీన్లను కనిపెట్టాడు. వాటికి సైక్లిన్లని పేరుపెట్టాడు, 2001లో నోబెల్ అందుకున్నాడు. ఇవాళ క్యాన్సర్ పరిశోధన నడుస్తున్న దారుల్లో ఒకటి అక్కణ్ణుంచి మొదలైంది. 2006లో ఊదా అర్చిన్ జన్యుపటం పూర్తయితే అందులో సుమారు 23 వేల జన్యువులున్నాయి, ఇంచుమించు మనకున్నన్ని. జీవవృక్షంలో కీటకాలూ నత్తలూ ఒక పెద్ద కొమ్మ మీద ఉంటే, అర్చిన్లూ మనమూ రెండో కొమ్మ మీద ఉన్నాం.

ఫలించిన గుడ్డు నుంచి వచ్చే పిల్లకు తల్లి పోలిక అణుమాత్రం ఉండదు. కుడిఎడమలున్న, పొడుగు చేతులున్న గాజుబొమ్మ లాంటి డింభకం అది. వారాలో నెలలో ప్రవాహాల వెంట తేలుతూ తిరుగుతుంది. ఆ దశలోనే దాని ఎడమపక్క పొట్టలో అయిదు రేకుల చిన్న మొగ్గ తయారవుతుంది. సరైన రాయి తగిలినప్పుడు ఆ మొగ్గ బయటికి విచ్చుకుంటుంది, పాత శరీరం లోపలికి ముడుచుకుపోతుంది. ఆవగింజకంటే చిన్న అర్చిన్ నడక మొదలుపెడుతుంది.

వెచ్చదనం అన్నిచోట్లా అర్చిన్ పక్షాన నిలవదు. కెనడాలో నోవాస్కోషియా తీరాన 1980 నుంచి 1983 దాకా ఒక అమీబా పచ్చ అర్చిన్లను తుడిచిపెట్టింది. నీరు వేడెక్కిన రోజుల్లోనే ఆ జబ్బు విజృంభించింది. అర్చిన్లు పోగానే బీడు మీద కెల్ప్ లేచింది. ఈ తీరం పాఠం ఆ తీరానికి పనికిరాకపోవచ్చని పరిశోధకులు జాగ్రత్తపడేది ఇందుకే.

మెండొసీనో దగ్గర కాస్పర్ కోవ్‌లో, మాంటెరేలోని ట్యాంకర్స్ రీఫ్‌లో సుత్తులు పట్టుకుని దిగిన స్వచ్ఛంద డైవర్లు అర్చిన్లను ఒక్కొక్కటిగా పగలగొట్టారు. ఎర్ర అర్చిన్లు పట్టి బతికే వృత్తి డైవర్లకు కూలి ఇచ్చి ఊదావాటిని ఏరించారు. చిన్న చిన్న మడుల్లో కెల్ప్ తిరిగి లేచింది. అయితే మొత్తం 350 కిలోమీటర్లను చేతులతో ఏరడం అసాధ్యం. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫ్రైడే హార్బర్ ప్రయోగశాలలో పొద్దుతిరుగుడు నక్షత్ర చేపల్ని డింభకం నుంచి పెంచుతున్నారు. జబ్బు క్రిమి ఏదో తెలిసింది కనుక, తట్టుకోగలిగినవి ఏవో పరీక్షించి సముద్రంలోకి వదిలే అవకాశం ఇప్పుడు వచ్చింది. నాకు అన్నిటికంటే ఆశ కలిగించే పని అదే.

నీటికుక్కల్నే మళ్ళీ తెచ్చి వదిలితే సరిపోదా అన్న మాటకు మాంటెరే అఖాతం జవాబు చెప్పింది. అక్కడ నీటికుక్కలున్నాయి, పక్కనే బీళ్ళూ ఉన్నాయి. 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం నీటికుక్కలు బీడులోని అర్చిన్లను ముట్టుకోవు. గుల్ల పగలగొడితే లోపల తినడానికి ఏమీ లేదని వాటికి తెలుసు. కెల్ప్ మిగిలిన మడుల్లో కడుపునిండా ఉన్న అర్చిన్లనే తింటాయి. ఆ రకంగా మిగిలిన అడవిని కాపాడతాయి గానీ, పోయినదాన్ని తేలేవు. ఆకలే అర్చిన్‌కు కవచమైంది.

మనుషులకూ ఆ ఖాళీ గుల్లలతో పని లేదు. జపానులో ‘ఉని’ పేరుతో అమ్మేది ఈ బీజకోశాల్నే. గుడ్లు అంటారు గానీ ఆడదానివైనా మగదానివైనా పనస తొనల్లా పచ్చగా ఉండే ఆ అయిదు ముక్కలే. టోక్యోకు దక్షిణాన కనగావాలో మియురా ద్వీపకల్పం క్యాబేజీకి పేరుపొందిన చోటు. అక్కడి మత్స్య సాంకేతిక కేంద్రంవాళ్ళు బీడు నుంచి ఏరిన అర్చిన్లను తొట్లలో వేసి, అంగడికి పనికిరాని క్యాబేజీ ఆకులు మేపారు. అరిస్టాటిల్ లాంతరు ఆకుల్ని చకచకా కోసుకుపోయింది. కాలిఫోర్నియా తొట్లలో ఎండు కెల్ప్ మేత వేసి చూశారు. ఏళ్ళ తరబడి పస్తున్న జంతువు లోపల రెండు మూడు నెలల్లో అయిదు తొనలూ మళ్ళీ నిండాయి.